సింగ్‌నగర్ నుంచి యూనివర్సిటీ ఓపెన్ డేకి: 5కి 3 స్టార్లు

మార్కులు ముందే చెప్పేస్తా, చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. వరద మ్యాప్ స్టాల్‌కి 5కి 5. న్యాయ సలహా స్టాల్‌కి 4. మట్టి పరీక్షకి 3. హెల్త్ క్యాంపుకి 2. స్టేజీ కార్యక్రమానికి సున్నా ఇద్దామనుకున్నా, కానీ మా కాలనీ ఆవిడ మాట్లాడిన రెండు నిమిషాల కోసం 1 ఇస్తున్నా. అన్నీ కలిపి 3. భోజనం సంగతి చివర్లో.

విజయవాడ, గుంటూరు మధ్య ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు చుట్టుపక్కల జనాన్ని పిలిచి, మేం మీకోసం ఏం చేస్తున్నామో చూడండి అని ఒక రోజంతా గేట్లు తెరిచారు. పేరు రాయను. ఈ చుట్టుపక్కలవాళ్ళకి తెలిసిపోతుంది, మిగతావాళ్ళకి అవసరం లేదు, ఎందుకంటే ఇప్పుడు ఈ చుట్టుపక్కల యూనివర్సిటీలకి కొదవ లేదు. ఒకప్పుడు నాగార్జున యూనివర్సిటీ ఒక్కటే, అదీ 1967లో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా గుంటూరులో మొదలై 1976లో యూనివర్సిటీ అయింది. రాష్ట్రం విడిపోయాక వ్యవసాయ యూనివర్సిటీ గుంటూరు పక్కనున్న లాంకి వచ్చింది, అమరావతి వైపు ప్రైవేటువి వచ్చాయి, ఇప్పుడు హైవే ఎక్కితే హోర్డింగులన్నీ అవే. ఇన్ని ఉన్నప్పుడు ఊళ్ళకి, కాలనీలకి వీటివల్ల ఒరిగేది ఏంటి అని అడగడం తప్పు కాదు కదా. అందుకే ఈ రివ్యూ.

నాది విజయవాడ సింగ్‌నగర్‌లో మోటార్ వైండింగ్ షాపు. మా కాలనీలో ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు అడిగే స్టూడెంట్లు మాకేం కొత్త కాదు. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని ఒకటి పెట్టారు, ఎండాకాలం సెలవుల్లో 180 గంటలు జనం మధ్య పనిచేసి రిపోర్టు ఇవ్వాలి. దానికోసం వస్తారు పాపం, మిట్ట మధ్యాహ్నం, చెమటలు కక్కుకుంటూ. ఇంట్లో ఎంతమంది, ఆదాయం ఎంత, మరుగుదొడ్డి ఉందా, మంచినీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు అని అడుగుతారు. మనం చెప్తాం. గుమ్మం ముందు నిలబెట్టి ఫోటో తీసుకుంటారు. ఆ తర్వాత ఆ కాగితాలు ఏమయ్యాయో, మేం చెప్పిన సమస్య ఎవరిదాకా వెళ్ళిందో ఆ దేవుడికే తెలియాలి. పిల్లల్ని అననండీ, వాళ్ళకి మార్కులు కావాలి, గైడ్ సంతకం కావాలి. అంతకుముందు నుంచీ ఎన్‌ఎస్‌ఎస్, అంటే జాతీయ సేవా పథకం, ఉండనే ఉంది, 1969లో గాంధీగారి శతజయంతికి పెట్టింది, అందులో రెండేళ్ళకి 240 గంటలు, ఒక ఊళ్ళో ఏడు రోజుల క్యాంపు. ఆ క్యాంపుల్లో కనీసం ఒక రోడ్డుకి మట్టి పోసేవాళ్ళు, నాలుగు మొక్కలు నాటేవాళ్ళు, వాళ్ళు వెళ్ళాక ఊళ్ళో ఏదో ఒకటి కంటికి కనపడేది. సర్వేలో అదీ ఉండదు.

అందుకని ఈ ఓపెన్ డేని నేను ఒక్క లెక్కతోనే చూశా. మా దగ్గర తీసుకున్నది మాకు తిరిగి ఇచ్చారా లేదా.

వరద మ్యాప్ దగ్గర ఇచ్చారు. కనీసం సగం ఇచ్చారు. దాని గురించి కాస్త ఎక్కువ రాస్తా, ఏమనుకోకండి.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. ఆ తేదీ సింగ్‌నగర్‌లో ఎవర్ని అడిగినా చెప్తారు. బుడమేరు వాగు వచ్చి మా మీద పడింది, రోజుల తరబడి కదల్లేదు, డాబాల మీద కూర్చున్నవాళ్ళకి డ్రోన్లతో భోజనం పొట్లాలు వేశారు. నీళ్ళు తీశాక నా షాపుకి వచ్చిన మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు అన్నీ ఇన్నీ కావు, లోపల బురద గడ్డకట్టి ఉండేది. సరే, ఆ తర్వాత ఈ యూనివర్సిటీ సివిల్ పిల్లలూ ఆర్కిటెక్చర్ పిల్లలూ టేపులు పట్టుకుని మా వీధుల్లోకి వచ్చారు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి అని అడగడం వాళ్ళ పని. మొదట్లో గోడల మీద బురద మరక చూసి కొలిచేవాళ్ళు. కానీ చాలామంది అప్పటికే సున్నం వేసేసుకున్నారు, పండక్కి ఇల్లు అలాగే వదిలేస్తారా ఎవరైనా. ఇక మనుషుల జ్ఞాపకమే దిక్కు. ఒకావిడ తలుపు గడియ దాకా అంటుంది, ఒకాయన ఫ్రిజ్ తేలింది అంటాడు, ఇంకొకరు మంచం మీద మంచం వేసినా తడిసింది అంటారు. ఎక్కువమంది చెప్పింది మాత్రం స్విచ్‌బోర్డు మునిగింది అని.

పిల్లలు ఏం చేశారంటే స్విచ్‌బోర్డు అని ఎవరు చెప్పినా నాలుగడుగులు అని రాసేసుకున్నారు. అక్కడ నేను కల్పించుకున్నా. తమ్ముడూ, పాత ఇళ్ళల్లో బోర్డు ఐదడుగుల దాకా ఉంటుంది, కొత్త ఫ్లాట్లలో నాలుగు, మంచం పక్కన ఉండే ప్లగ్గు అయితే అడుగే, దాన్ని కూడా జనం బోర్డే అంటారు, ప్రతి ఇంట్లో టేపు పెట్టాల్సిందే అని చెప్పా. విన్నారు. తిరిగిన ఇళ్ళకే మళ్ళీ తిరిగారు. నాకు ఆ పిల్లల మీద గౌరవం వచ్చింది అక్కడే, ఎందుకంటే ఇంజనీరింగ్ చదివేవాడు మోటార్ వైండింగ్ వాడి మాట విని చేసిన పని మళ్ళీ చేయడం నేను అంతకుముందు చూడలేదు.

ఓపెన్ డే రోజు ఆ మ్యాప్ పెద్ద ఫ్లెక్సీ మీద వేసి గోడకి పెట్టారు. మా వీధులు, మా ఇళ్ళు, నీళ్ళ లోతుని బట్టి లేత నీలం నుంచి ముదురు నీలం దాకా. మా కాలనీ వాళ్ళందరూ ఒక్కసారిగా దాని మీద పడ్డారు, ఇదిగో మా ఇల్లు, ఇదిగో మసీదు సందు, ఇదిగో రేషన్ షాపు అని. మా వీధి చివర ఉండే మామ్మగారు ఒకావిడ చాలాసేపు చూసి, అమ్మాయ్ ఇది తప్పు, మా ఇంట్లోకి నడుం దాకానే వచ్చాయి, పక్కింట్లో మెడ దాకా వచ్చాయి, మీరేమో ఇద్దరికీ ఒకే రంగు వేశారు అంది. స్టాల్ దగ్గరున్న అమ్మాయి కాదు మామ్మగారూ, మా లెక్క ప్రకారం అని మొదలుపెట్టింది. మామ్మగారు, మీ లెక్క సంగతి నాకు తెలీదు తల్లీ, మా ఆయన ఇల్లు కట్టేటప్పుడు మూడడుగులు పునాది లేపించాడు, అందరూ నవ్వారు అప్పుడు అంది. ఆ అమ్మాయి ఇంకేం వాదించకుండా పెన్ను తీసి అక్కడే దిద్దింది, పునాది ఎత్తు అని కొత్తగా ఒక గడి కూడా పెట్టుకుంది. మ్యాప్ మొత్తానికి ఆ ఎత్తు కొలవలేదన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు మరి.

పక్కనే ఇంకో మోడల్ పెట్టారు, రెండు ప్లాస్టిక్ టబ్బులూ ఒక పైపూ, అంతే. మా వాళ్ళలో సగం మంది ఇప్పటికీ మమ్మల్ని ముంచింది కృష్ణే అనుకుంటారు. కృష్ణకి ఆ రోజుల్లో వచ్చింది మామూలు నీళ్ళు కాదు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టాక అంత ఎప్పుడూ రాలేదు. కానీ మా ఇళ్ళల్లోకి వచ్చింది బుడమేరు. బుడమేరు నీళ్ళని వెలగలేరు దగ్గర మళ్ళించి బ్యారేజీకి పైన కృష్ణలో కలపడానికి ఒక కాలువ ఉంది. కృష్ణ తక్కువగా ఉంటే ఆ కాలువ చక్కగా పారుతుంది. కృష్ణ నిండుగా ఉంటే కాలువలో నీళ్ళు ముందుకి పోవు, వెనక్కి ఎగదన్నుతాయి. అప్పుడు కట్టలకి గండ్లు పడినా, రెగ్యులేటర్ గేట్లు ఎత్తినా నీళ్ళకి మిగిలేది పాత దారే, అంటే విజయవాడ మీదుగా కొల్లేరు వైపు. ఆ పాత దారిలో ఇప్పుడున్నది మేము. మొదటి టబ్బు బుడమేరు, రెండోది కృష్ణ అనుకోండి, రెండో టబ్బు కింద ఇటుక పెట్టి ఎత్తు పెంచగానే పైపులో నీళ్ళు ఆగిపోయి మొదటి టబ్బు పొర్లింది, మా వాళ్ళ మొహాలు చూడాలి. గండ్లు పూడ్చడానికి ఆర్మీ దాకా ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో, పైన వాన తగ్గినా మా దగ్గర నీళ్ళు ఎందుకు పెరిగాయో టీవీలో అన్ని రోజులు చూసినా ఎక్కలేదు, టబ్బులతో ఐదు నిమిషాల్లో ఎక్కింది. చెప్పిన కుర్రాడు తెలుగులో చెప్పాడు, అది కూడా రాయాలి.

న్యాయ సలహా స్టాల్ బయటికి డల్‌గా కనపడుతుంది, ఒక టేబులు, నాలుగు కుర్చీలు, కరపత్రాలు. కానీ ఎక్కువసేపు క్యూ ఉన్నది దాని దగ్గరే. వరదలో ఇంటి దస్తావేజులు తడిసి ముద్దయిపోయినవాళ్ళు మా దగ్గర చాలామంది, ఇక ఇల్లు మనది కాదేమో అని ఇన్నాళ్ళూ టెన్షన్ పడుతూ బతుకుతున్నారు. రిజిస్టర్ అయిన దస్తావేజు అయితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు, నంబరు గుర్తులేకపోతే ముందు ఈసీ, అంటే ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల లిస్టు, తీయించుకుంటే అందులో దొరుకుతుంది అని అక్కడ కూర్చున్న లాయరుగారు ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పారు. ఇంకోటి చాలామందికి తెలియనిది: 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, వరదలాంటి విపత్తులో దెబ్బతిన్నవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. ఫోన్ నంబరు 15100. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, కానీ దాని మీద అప్పీలు ఉండదు, కాబట్టి సంతకం పెట్టేముందు ఆలోచించుకోవాలి అని కూడా చెప్పారాయన, అలా రెండో వైపు కూడా చెప్పేవాళ్ళు తక్కువ. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే లా పిల్లలు పక్కన నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు, లాయరుగారు ఒక్కరే గొంతు ఎండిపోయేలా మాట్లాడారు. ఆ పిల్లలకే కదా నేర్చుకోవాల్సింది.

హెల్త్ క్యాంపు మీరు ఇప్పటికే చాలా చూసి ఉంటారు, ఇదీ అంతే. బీపీ, షుగర్ చూస్తారు, చీటీ మీద రాస్తారు. మా వదినకి 160 బై 100 వచ్చింది. 140 బై 90 దాటితే ఎక్కువ అని వాళ్ళ బోర్డు మీదే రాసుంది. డాక్టర్‌ని కలవండమ్మా అన్నారు. ఏ డాక్టర్ని, ఎక్కడ, ఎప్పుడు? బస్సు దిగి, ఎండలో నడిచి, అరగంట క్యూలో నిలబడ్డాక చూస్తే ఎవరికైనా కాస్త ఎక్కువే వస్తుంది, కాసేపు కూర్చోబెట్టి రెండోసారి చూడాలి కదా, అదీ లేదు. ఆ చీటీ పట్టుకుని మర్నాడు మేమే వార్డులో ఉన్న అర్బన్ హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్ళాం. క్యాంపు పెట్టేవాళ్ళు ఆ సెంటర్‌తో ముందే మాట్లాడుకుని, ఎక్కువ వచ్చినవాళ్ళ లిస్టు వాళ్ళకి పంపితే సరిపోయేది. మా ఊళ్ళో పార్టీలు పెట్టే క్యాంపుకీ దీనికీ తేడా ఏముంది మరి.

మట్టి పరీక్ష దగ్గర మా బావతో కామెడీ. మా బావ గుంటూరు వైపు మిర్చి వేస్తాడు, ఉచితంగా మట్టి పరీక్ష అనగానే పొద్దున్నే గట్టు పక్కన ఇంత తవ్వి క్యారీబ్యాగులో వేసుకుని బయల్దేరి వచ్చాడు. ఆ మట్టిని వాళ్ళు తీసుకోలేదు. తీసుకోకపోవడమే కరెక్టు. గట్ల దగ్గర, చెట్ల కింద, పెంటకుప్పల దగ్గర తీయకూడదట, పొలంలో అడ్డదిడ్డంగా ఎనిమిది పది చోట్ల వీ ఆకారంలో ఆరంగుళాల గొయ్యి తీసి, ఆ మట్టంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చి, నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో తేవాలి. ఇదంతా పిలిచేటప్పుడే కరపత్రంలో వేసి ఉంటే మా బావకి ఒక ట్రిప్పు మిగిలేది. అదే నేను రెండు మార్కులు కోసిన కారణం, మిగతా అంతా బాగుంది, ఉదజని సూచిక అని పుస్తకాల భాష మాట్లాడకుండా చౌడు ఉందో లేదో, జిప్సం వేయాలో వద్దో అని చెప్తున్నారు.

మా బావ మాత్రం పెదవి విరిచాడు. అతనికి ఎప్పుడూ లాం ఫారమే, అంటే లాంలో ఉన్న వ్యవసాయ పరిశోధనా స్టేషనే గొప్ప. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మిర్చి పూతంతా రాలిపోయినప్పుడు మందుల షాపువాళ్ళు చెప్పిన డబ్బాలన్నీ కొట్టి అప్పులపాలైనవాళ్ళలో అతనూ ఒకడు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందకి ముడుచుకుంటే నల్లి, పై ముడతకి ఒక మందు, కింద ముడతకి ఇంకో మందు, అనేది మిర్చి రైతు ఎవడైనా చెప్తాడు, కానీ ఈ కొత్త పురుగు పూలల్లో దూరేది, పాత లెక్కలు పనికిరాలేదు. నీలం రంగు జిగురు అట్టలు పెట్టమని, చుట్టూ జొన్నో మొక్కజొన్నో వేయమని, ఎడాపెడా మందులు కొడితే పురుగు ఇంకా పెరుగుతుందని శాస్త్రవేత్తలు చెప్తూ వచ్చారు. అసలు ఆ స్టేషన్ లెక్కే వేరంటాడు. రైతు పొలంలో తెగులుని వాళ్ళు తీసుకెళ్తారు, కొన్నేళ్ళకి విత్తనం చేసి వెనక్కి ఇస్తారు. మిర్చిలో ఎల్‌సీఏ 334, మినుముల్లో పల్లాకు తెగులు తట్టుకునే ఎల్‌బీజీ 787, అన్నీ అక్కడివే. బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204ని మనం సాంబ మసూరి అని రోజూ తింటూనే ఉన్నాం, 1986 నుంచి. జనంతో భాగస్వామ్యం అని బ్యానర్ కట్టకుండానే జరిగిపోయిన పని అది. ప్రైవేటు యూనివర్సిటీ ఒక్క ఓపెన్ డేతో దాన్ని అందుకోవాలనడం అన్యాయమే అనుకోండి, అయినా మా బావ మాటలో నిజముంది.

ఇక స్టేజీ. పదకొండుకి అన్నారు. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైంది, ఆయన వచ్చేదాకా పిల్లల చేత డ్యాన్సులు వేయించారు. ముందు రెండు వరసలు సోఫాలు, మ్యాప్ కోసం వీధులు చూపించిన మా ఆడవాళ్ళకి వెనక ప్లాస్టిక్ కుర్చీలు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, మళ్ళీ శాలువాలు. ఒక స్వచ్ఛంద సంస్థతో ఎంఓయూ, అంటే ఒప్పంద పత్రం మీద సంతకాలు, ఫోటోకి అటో ఫైలు ఇటో ఫైలు. ఉపన్యాసాలన్నీ ఇంగ్లీషులో, ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ముప్పావు వంతు సింగ్‌నగర్, పాయకాపురం, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు. కమ్యూనిటీ, కమ్యూనిటీ అని వందసార్లు అన్నారు, ఆ కమ్యూనిటీకి అర్థమయ్యే భాషలో ఒక్కరు మాట్లాడితే ఎంత బాగుండేది.

చివర్లో మా కాలనీ ఆవిడకి మైకు ఇచ్చారు. ఆవిడ ఇళ్ళల్లో పనిచేసుకుంటారు. కాగితం లేకుండా మాట్లాడారు. నీళ్ళు వస్తున్నాయని మాకు ఎవరూ చెప్పలేదండీ, వచ్చాక పడవలు మెయిన్ రోడ్డు దాకా వచ్చాయి, మా సందుల్లోకి రాలేదు, ఈ మ్యాప్‌లో లోతు రాశారు బాగానే ఉంది, పడవ ఏ సందులోకి పడుతుందో కూడా రాయండి, ముసలోళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో రాయండి, మళ్ళీ వస్తే అదే కావాలి మాకు అన్నారు. హాలంతా చప్పట్లు. ఆవిడ ఇంకేదో చెప్పబోతుంటే యాంకరమ్మాయి సమయాభావం వల్ల అంటూ మైకు తీసేసుకుంది. అప్పటిదాకా శాలువాలకి లేని సమయాభావం!

కార్యక్రమం అయ్యాక నేనూ మా కాలనీ పెద్దలు ఇద్దరూ ఆ ప్రాజెక్టు చూసే ప్రొఫెసర్‌గారి దగ్గరికి వెళ్ళి, సార్ ఆ మ్యాప్ మాకు ఒకటి ఇస్తారా అని అడిగాం. పేపర్ పబ్లిష్ అయ్యాక చూద్దామండీ అన్నారు. మర్యాదగానే అన్నారు, చదువుకున్నవాళ్ళ ఇబ్బందులు వాళ్ళకుంటాయి, ముందే బయటికిస్తే ఎవరైనా వాడేసుకుంటారని భయమేమో. కానీ ఆ కొలతలు మా గోడల మీదివి, మా ఫ్రిజ్‌లవి. వాన పేపర్ పబ్లిష్ అయ్యేదాకా ఆగదు కదా. ఎంఓయూ కుదుర్చుకునేది ఎవరితోనైనా కుదుర్చుకోండి, మా కాలనీ సంఘంతో కూడా ఒక కాగితం మీద రాసుకోండి: ఏం తీసుకుంటున్నారు, ఎప్పటికి తిరిగి ఇస్తారు, ఏ భాషలో ఇస్తారు అని. మూడు లైన్లు చాలు. ఈ మాట ఆయనతో కూడా అన్నాను, రాసుకున్నారు.

రెండు వారాల తర్వాత ఇద్దరు స్టూడెంట్లు బైకు మీద వచ్చి చిన్న సైజు ప్రింటు ఒకటి ఇచ్చి వెళ్ళారు. అడుగులు, అంగుళాల్లో, తెలుగులో. పైనుంచి అనుమతి వచ్చిందో, వాళ్ళే చొరవ తీసుకున్నారో అడగలేదు. వరద స్టాల్‌కి 5కి 5 పూర్తిగా ఇచ్చింది అందుకే. దాన్ని మా వార్డు సచివాలయంలో ఇచ్చాం, ఒక జిరాక్స్ నా షాపులో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. పడవ పట్టే సందుల్ని మా కుర్రాళ్ళు స్కెచ్ పెన్నుతో గీస్తున్నారు.

భోజనం: పులిహోర, పెరుగన్నం పొట్లాలు, అరటిపండు. పులిహోర బాగుంది, ఇంగువ వేశారు. మంచినీళ్ళ క్యాన్లు మధ్యాహ్నానికే అయిపోయాయి, ఆ ఎండలో అది పెద్ద తప్పు. బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి, కానీ బోర్డులు లేవు, అడుక్కుంటూ వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి గేటు నుంచి హాలు దాకా నడక ఎక్కువ, బ్యాటరీ బండ్లు ఉన్నాయి గానీ అవి అతిథులకే తిరిగాయి.

వచ్చేసారి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి. యూనివర్సిటీ వాళ్ళ బస్సు కోసం చూడకపోయినా పర్లేదు, విజయవాడ, గుంటూరు మధ్య ఆర్టీసీ బస్సులు బోలెడు, ఆడవాళ్ళు ఆధార్ కార్డు పెట్టుకుంటే ఫ్రీ టికెట్టే, ఎక్స్‌ప్రెస్ దాకా చెల్లుతుంది. మట్టి తీసుకెళ్తే పైన చెప్పినట్టు గుడ్డ సంచిలో, దస్తావేజు సమస్య ఉంటే తడిసిన కాగితమైనా సరే వెంట పట్టుకెళ్ళండి, నంబరు కనపడితే పని సులువవుతుంది. రెండింటికల్లా స్టాళ్ళు సర్దేస్తారు, కాబట్టి స్టేజీ మీద మొదటి శాలువా కనపడగానే లేచి స్టాళ్ళ వైపు వెళ్ళిపోండి, అప్పుడు క్యూ కూడా ఉండదు.